మా అత్త తోట తిరిగొచ్చిన రోజు

నా చిన్నప్పుడు, తమిళనాడులోని పెరియకుళంలో, మా అవ్వ పగ తీర్చుకోవడం కళ్లారా చూశాను. మా నాన్నకు తల్లి ఆమె. కోపం వస్తే అరిచే మనిషి కాదు, ఇంకా రుచిగా వండేది.

మా తాత పోయాక ఆయన మామిడితోటలో సగం మా అత్త వాటాకు వచ్చింది. అత్తకు బిడ్డలు కలగలేదు. మామ ఆమెను పేరుతో పిలవడం మానేసి మా ఎదుటే ‘గొడ్రాలా’ అనేవాడు. ఆమె జ్వరంతో మంచం పడితే మాకు కబురైనా పెట్టలేదు. మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఏడాది తిరక్కుండానే ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

ఆపైన, పెళ్లాం ఆస్తి మొగుడిదేనంటూ వచ్చి తోటలో దిగాడు. నాన్న కర్ర తీశాడు. అవ్వ వద్దంది. అల్లుడికి అరిటాకు వేసి నెయ్యి పోసింది. అతను ఎరువు తోలించాడు, నీళ్లు కట్టించాడు, పూతకు మందు కొట్టించాడు. కొత్త పెళ్లాం ఊరగాయకు జాడీలు కూడా కడిగి పెట్టుకుందట. అవ్వకు మతి పోయిందని ఊరంతా అంది. నాకైతే ఒళ్లు మండిపోయేది.

కోత రోజున అవ్వ ఊరి పెద్దలనూ ఒక వకీలునూ తోటకే పిలిపించింది.

“మాప్పిళ్ళే, నా కూతురికి పిల్లోళ్లు ఉండారా, లేదా? వీళ్ల ముందర ఒక మాట సెప్పేయండి. రేపు వాటాకి ఎవురూ రాకూడదు గదా” అంది తియ్యగా.

మామ మీసం దువ్వాడు. “ఎక్కడ్నించి వస్తారు అత్తా? గొడ్రాలు గదా మీ కూతురు!”

అప్పుడు వకీలు చట్టం చెప్పాడు. తండ్రినుంచి ఆస్తి పొందిన ఆడమనిషి బిడ్డలు లేకుండా పోతే అది తిరిగి పుట్టింటికే చేరుతుంది. మొగుడికి చెట్టు కొమ్మయినా రాదు.

“ఒక్క బిడ్డ ఉండుంటే ఈ తోటలో నీకూ ఒక పంగు వచ్చుండును” అంది అవ్వ. ‘మాప్పిళ్ళే’ అంటూ అల్లుడికిచ్చే మర్యాద అంతటితో సరి. “దాన్ని గొడ్రాలని ఊరెల్లా సాటినావే, ఆ మాటే నిన్ను కంచె దాటిస్తా ఉండాది. పో!”

మామ చేతిలో ఒక కాయ ఉంది. అవ్వ చెయ్యి చాచింది. అదీ ఇచ్చి వెళ్లాడు.

ఆ కాయ అవ్వ నాకిచ్చింది. పళ్లు పులిసినా టెంకదాకా తిన్నాను. క్షమించడం గొప్ప గుణమని తరువాత చాలామంది చెప్పారు, కావచ్చు. ఈ వయసులోనూ నన్నెవరైనా ఒక మాట అంటే ఎదురు చెప్పను. అవ్వలాగే దాచి ఉంచుతాను, వాళ్లే నలుగురి ముందూ ఆ మాట మళ్లీ అనేదాకా.