కొంగబొమ్మ గిటారే కావాలన్న మా అక్క

ఆ గిటారు మెడ విరగ్గొట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త బరువు తగ్గుతుంది. అక్క దాన్ని తలుపు పక్కన గోడకు ఆనించి మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. నేను బయటి నుంచి వచ్చి, రోజూ లాగే తలుపును కాలితో తోశాను. రెండు చేతుల్లోనూ కూరగాయల సంచులున్నాయి కాబట్టి అలా తోశానని ఇప్పటికీ నా వాదన. గిటారు బోర్లా పడింది. మెడ ఫెళ్ళుమంది. అక్క గ్లాసుతో బయటికొచ్చి చూసి, "ఒరేయ్, ఆ సంచులు కింద పెట్టు, చేతులు నొప్పెడతాయి" అంది. అంతకంటే నాలుగు తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

అక్కకు నలభై మూడేళ్ళు. పుస్తకాలు బైండు చేసే చోట పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తోంది. మడత పెట్టిన కాగితాలు కుట్టడం, పుస్తకం వీపుకు జిగురు రాయడం, అట్ట వేయడం, అంచులు కోయడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. లావు దారంతో కుట్టడానికి వాడే పెద్ద సూదిని దబ్బనం అంటారు. ఇంట్లో మేం అక్కకు పెట్టుకున్న పేరు కూడా అదే. ఎందుకో ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చేసుకుని మీరేం బావుకున్నారు?" అని ఎదురు అడుగుతుంది. అప్పుడు నా భార్య కూడా నా వైపే చూస్తుంది.

ముప్ఫయ్యో ఏట కటింగ్ మెషీను ఆమె ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపును తీసుకుపోయింది. అప్పటికి నాలుగేళ్ళుగా గిటారు నేర్చుకుంటోంది. కట్టు విప్పిన డాక్టరు, ఇక గిటారు సంగతి మర్చిపొమ్మన్నాడు. "ఆయనకేం తెలుసురా, ఆయనకు పది వేళ్ళూ ఉన్నాయి" అంది అక్క. కానీ మామూలు గిటారు మెడ మీద ఆ పొట్టి వేలు తీగల దాకా అందదు. దొరికిన గిటారల్లా పట్టుకుని చూసి చూసి, చివరికి ఒకదాని మీద ఆగింది. తల భాగం మీద కొంగ బొమ్మ ఉండే కంపెనీ అది. వాళ్ళు చేసేవాటిలో ఒక రకానికి మెడ బాగా సన్నం. దాని మీద పొట్టి వేలు అందింది. ఆ తర్వాత పదమూడేళ్ళు అక్కకు ఆ ఒక్క గిటారే. దాన్నే నేను తలుపుతో కొట్టాను.

రిపేరు చేసే ముసలాయన మెడ అతికించి చూశాడు. తీగలు బిగించగానే మళ్ళీ ఊడింది. "దీనికి నూకలు చెల్లిపోయాయమ్మా, ఇంకోటి కొనుక్కో" అన్నాడు. ఆయన అన్నంత తేలిక కాదది.

మొదటి షాపులో కొంగబొమ్మ పేరే వినలేదన్నారు. రెండో షాపులో సేల్స్‌మన్, "కొంగే కదా మేడం కావాల్సింది? ఏ గిటారు మీద కావాలంటే దాని మీద స్టిక్కరు వేయించి ఇస్తాం" అన్నాడు. "నీ చొక్కా మీద నా ఫొటో అంటిస్తే నీ జీతం నాకిస్తారా?" అంది అక్క. మూడో షాపు మూతపడి చెప్పుల షాపయింది. ఫోనులో ఆర్డరు పెట్టుకోవచ్చుగా అని సలహా చెప్పనివాడు లేడు. అదీ చేశాం. రెండుసార్లూ కొంగ వచ్చింది, మెడ మాత్రం లావుది. రెండూ వెనక్కి పంపాం. సన్న మెడ రకం షాపుల ద్వారా మాత్రమే అమ్ముతామని కంపెనీవాళ్ళు ఫోనులో చెప్పారు. పైగా చెప్పులైనా వేసుకుని చూసి కొంటాం, మెడ పట్టుకోకుండా గిటారెలా కొంటామని అక్క మొదట్నించీ అంటూనే ఉంది.

మిగిలింది బస్టాండు వీధిలోని పెద్ద షాపు. గాజు అల్మరాలు, లోపలంతా వార్నిష్ వాసన, గోడ నిండా వరసగా వేలాడే గిటార్లు. అన్నీ ఒకే కంపెనీవి. కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద యజమాని. ఏది అడిగినా ఆయన చెప్పే మాట, "అన్నీ ఒకటేనమ్మా." మేం ఆయనకు ఒకటేనమ్మ అని పేరు పెట్టేశాం.

"అన్నీ ఒకటైతే ఇన్నెందుకు తగిలించారండీ?" అంది అక్క.

ఆయన నవ్వాడు. "మీరడిగేది ఎవరూ అడగరమ్మా. అడగనిది ఎందుకు తెప్పిస్తాం?"

"నేనడుగుతున్నానుగా."

"ఒక్కళ్ళు అడిగితే ఎలా? ఇదిగో, రిజిస్టరుంది. షాపులో లేనిది ఎవరేం అడిగినా ఇందులో రాస్తాం. నలుగురైదుగురు అడిగారనుకోండి, అప్పుడు తెప్పిస్తాం." నిజంగానే అక్క పేరు, గిటారు పేరు రాసుకున్నాడు. అక్క ఆ రిజిస్టరు చూసి కొంచెం మెత్తబడింది. అది అక్క పని చేసే చోట బైండు చేసిందే.

అప్పట్నించి ప్రతి శనివారం సాయంత్రం పని దిగగానే ఆ షాపుకు వెళ్ళడం, తన చేత్తో తనే రిజిస్టరులో రాసి రావడం. తోడు నేను. నాది కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. రోజంతా జనం నన్ను తిడుతూనే ఉంటారు కాబట్టి గొడవంటే నాకు ఆమడ దూరం. అక్క అడుగుతుంటే నేను గిటార్లు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడేవాణ్ణి. ఐదు నెలలు అలా గడిచాయి.

ఈలోగా అసలు భయం వేరే మొదలైంది. తీగలు నొక్కీ నొక్కీ ఆ పొట్టి వేలి కొసన కాయ కట్టి ఉండేది. అది మెత్తబడిపోతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క బల్ల దగ్గర ఇనప స్కేలు పట్టుకుని దాని మీద వేళ్ళు కదుపుతూ కూర్చుంటోందని తోటివాళ్ళు చెప్పారు. ఒకరోజు బట్టలు ఆరేస్తూ, "వేలు మర్చిపోతోందిరా" అంది. ఆమె గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అప్పట్నించీ తలుపును నేను చేత్తోనే తోస్తున్నాను.

ఆరో నెల మొదటి శనివారం ఒకటేనమ్మకు విసుగొచ్చింది. "అమ్మా, ప్రతి వారం వస్తారు. మీరే చూడండి, మీరు తప్ప ఇంకెవరైనా అడిగారేమో" అంటూ రిజిస్టరు తిప్పి అక్క ముందుకు తోశాడు. తోసిన ఊపుకు అందులోంచి ఒక కాగితం సగం బయటికి జారింది.

అక్క ఆ కాగితం వైపు చూసింది. తర్వాత రిజిస్టరును చేతిలోకి తీసుకుని, వీపు పైకి వచ్చేలా వంచి, పేజీల మధ్య బొటనవేలు పెట్టి కలిపి కుట్టిన ఒక్కో కాగితాల కట్టనూ తెరిచి చూసింది. ఊడిన కాగితాలు ఒక్కొక్కటే తీసి గాజు మీద పరిచింది. తొమ్మిది.

"ఈ కుట్టు నాదండీ" అంది. "ఇందులో ప్రతి కాగితం మధ్యకి మడిచి ఉంటుంది. దారానికి ఇటో పేజీ, అటో పేజీ. ఒక పేజీ చింపేస్తే దాని జతకి పట్టు పోతుంది, ఊడొస్తుంది. తొమ్మిది ఊడాయంటే తొమ్మిది చింపారు. నేను ఐదు నెల్లుగా రాసిన పేజీ ఒక్కటీ లేదిందులో. నెలకో పేజీ లెక్కన నావి ఎన్ని పోయినా ఐదు పోతాయి. మిగతా నాలుగు ఎవరు రాసినవండీ?"

నేను అక్క కొంగు పట్టుకుని లాగాను. ఆమె నా చెయ్యి విదిలించుకుంది. షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు.

ఒకటేనమ్మ గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా. మాకు సరుకిచ్చే కంపెనీ ఏజెంటు నెలనెలా వచ్చి ఈ పుస్తకం చూస్తాడు. వాళ్ళవే అమ్ముతామని ఒప్పుకున్నాం. వేరే కంపెనీ పేర్లు కనబడితే బాగుండదు కదా. అందుకని..."

"అందుకని మమ్మల్ని చింపేశారు."

బయటికొచ్చాక అక్క ఏడ్చింది. నడుస్తూనే, మొహం తుడుచుకోకుండా. "లేదంటే సరేలే అనుకునేదాన్నిరా. లేనిదాన్ని ఎక్కణ్ణించి తెస్తారు? అసలు అడగనే లేదన్నారు చూడు. ఐదు నెల్లు వెళ్ళి నిలబడి అడిగితే, అడగలేదన్నారు." నాకు ఆ మనిషి మీద ఒళ్ళు మండిపోయింది. ఐదు నెలలు అటు తిరిగి నిలబడ్డ నా మీద కూడా మండింది.

తర్వాతి వారమంతా అక్క పని అయ్యాక అక్కడే ఆగి ఒక పుస్తకం కుట్టింది. ఎర్ర క్యాలికో గుడ్డ, గట్టి అట్ట, ప్రతి పేజీకీ నంబరు. అట్ట మీద తెల్ల అక్షరాలతో, "షాపులో అడిగారు, లేదన్నారు. ఇక్కడ రాయండి" అని రాసింది. శనివారం సాయంత్రం ఆ షాపుకు ఎదురుగా బస్టాపు బెంచీ మీద కూర్చుంది. "నువ్వు పెన్ను పట్టుకో" అంది నాతో. ఈసారి నేను అటు తిరగలేదు. తిరగడానికి అటువైపు గోడే ఉందనుకోండి, అయినా తిరగలేదు.

మొదటి గంటలో రాసింది ఒక్కరే. దారం కొందామని వచ్చి షాపు తప్పిపోయిన పెద్దావిడ ఆమె. పాపం, దారమనే రాసి వెళ్ళింది. రెండో వారం ఒక్కొక్కరుగా ఆగడం మొదలైంది. షాపులోంచి ఉత్త చేతులతో బయటికొచ్చేవాళ్ళని అక్క కేకేసి పిలిచేది. "ఏమండీ, ఏమడిగారు? ఏమన్నారు?" ఎడమచేతి గిటారు కావాలన్న మంగలి ఒకాయన. తొమ్మిదేళ్ళ కూతురి చేతులకు సరిపడేది కావాలన్న లారీ డ్రైవరు. చిన్న చేతులున్న నర్సు, ఆమె రెండేళ్ళుగా కొంగబొమ్మ సన్న మెడ కోసమే తిరుగుతోందట. "రిజిస్టరులో రాశానండీ" అంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాలుగో వారం ఒకటేనమ్మ రోడ్డు దాటి వచ్చాడు. "మా షాపు ముందు ఇదేంటమ్మా? పరువు పోతోంది."

"మీ షాపు ముందు కాదండీ, బస్టాపులో. బస్సు కోసం కూర్చున్నాను."

"ఏ బస్సు?"

"అన్నీ ఒకటేనండీ" అంది అక్క. పెన్ను పట్టుకున్న నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

రెండు నెలలకు నలభై ఏడుగురు రాశారు. అందులో కొంగబొమ్మ సన్న మెడ అడిగినవాళ్ళు పదకొండు మంది. అక్క ఆ పేజీలన్నీ జిరాక్సు తీయించి, వాటినీ పుస్తకంగా కుట్టి, కొంగబొమ్మ కంపెనీ వాళ్ళ ఆఫీసుకు పంపింది. వారం తిరక్కుండా వాళ్ళ మనిషి అక్కకు ఫోను చేశాడు. "మీ ఊళ్ళో మా గిటారు ఎవరూ అడగడం లేదని షాపులవాళ్ళే చెప్పారండీ" అన్నాడు. "ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేంటి?" అంది అక్క.

ఆయన ఒకటేనమ్మను అడిగాడట, కొంగబొమ్మ గిటార్లు మీ షాపులో పెడతారా లేక పక్క వీధి పుస్తకాల షాపులో పెట్టమంటారా అని. పక్క వీధి అనేసరికి ఒకటేనమ్మకు పాత ఒప్పందాల మీద గౌరవం కాస్త సడలింది. అట్టపెట్టెలు దిగిన రోజు ఆయనే ఫోను చేశాడు. "వచ్చాయి, వచ్చి చూసుకోండి" అన్నాడు, అప్పగింతల గొంతుతో.

అక్క సెలవు పెట్టింది. పద్దెనిమిదేళ్ళలో మూడో సెలవది. షాపులో ఆమెకు కుర్చీ కూడా వేశారు. పెట్టె విప్పి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మెడ చుట్టూ చెయ్యి వేసింది. నేను ఆ పొట్టి వేలినే చూస్తున్నాను. అది మెల్లగా వంగింది, తీగ మీద ఆనింది. అందింది.

కానీ మోగలేదు. తీగ బరబరమంది. కాయ మెత్తబడిపోయిన వేలు, ఎనిమిది తొమ్మిది నెలలు స్కేలు మీద తప్ప కదలని వేలు. మళ్ళీ నొక్కింది. బరబర. మళ్ళీ. వేలి కొస ఎర్రబడింది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది, చెయ్యి మాత్రం తియ్యడం లేదు. పది నిమిషాలయింది, పావుగంటయింది. ఒకటే చోట, ఒకటే తప్పు, షాపంతా వినబడేలా. నా భార్య ఉండి ఉంటే ఏమనేదో గానీ, నాకు మాత్రం అక్కడికక్కడే ఏడవాలనిపించింది.

లోపలికొచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకటేనమ్మ స్టూలు దిగి మా దగ్గరికొచ్చాడు.

"ప్యాక్ చేయించమంటారా అమ్మా? ఇంటికెళ్ళి తీరిగ్గా వాయించుకోవచ్చు. ఇక్కడ కస్టమర్లు వచ్చారు, వాళ్ళకి ఇబ్బంది..."

అక్క తలెత్తింది.

"మరి నేనెవర్నండీ?" అంది.

అక్క ఆయన వైపు ఇంకో క్షణం చూసి, వేలు మళ్ళీ తీగ మీద పెట్టి నొక్కింది.