ఉప్పు లేని బంగాళాదుంపలు

మా చిన్నప్పుడు... "వచ్చే ఏడు నా గదిలో రెండు మంచాలుంటాయి, రెండోది నీదే" అని ఒకడు నాకు మాటిచ్చాడు. డెబ్బైల నాటి సంగతి. ఆ మంచం ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు.

వాడి పేరు హెన్రిక్. డెన్మార్క్ కుర్రాడు. విశాఖపట్నంలో ఓ క్లబ్బు వాళ్ళు విద్యార్థుల మార్పిడి అని చెప్పి పన్నెండు రోజులకు రప్పించారు. బదులుగా మాలో ఒకడికి స్కాలర్‌షిప్పు మీద అక్కడ ఏడాది చదువు. మార్కుల వడపోతలో ఇద్దరం మిగిలాం... నేనూ, పక్క క్వార్టర్లో ఉండే నూకరాజూ. ఎవరు వెళ్ళాలన్నది హెన్రిక్ చివర్లో రాసిచ్చే ఉత్తరాన్ని బట్టి. బస మాత్రం మా ఇంట్లోనే. మాకు సీలింగు ఫ్యాను ఉంది మరి.

నూకరాజు గైడు తప్ప మరో పుస్తకం ముట్టినవాడు కాదు. నేను లైబ్రరీలో కూర్చుని డెన్మార్క్ గురించి ఉన్న పేజీలన్నీ నోట్సు రాసుకొచ్చాను. ముఖ్య ఆహారం బంగాళాదుంప అని ఉంది. అంతే... వంటింటి పెత్తనం నా చేతిలోకి తీసుకున్నాను. పోపు బంద్. ఆవకాయ జాడీ అటక మీదికి. నాన్న పోర్టులో గుమస్తా కనుక, ఓ ఓడ వంటవాణ్ణి బతిమాలి ఫోర్కూ చాకూ తెచ్చారు.

"ఒక్క ముద్ద పప్పన్నం కలిపి పెడతాన్రా... పిల్లాడి మొహం చూడు," అనేది అమ్మ.

"కారం తగిలి జ్వరమొస్తే నా స్కాలర్‌షిప్పు నువ్విస్తావా?" అనేవాణ్ణి.

పూటపూటా ఉడికించిన దుంపలు, బ్రెడ్డు ముక్క. హెన్రిక్ ఒక్కో దుంపనీ ఫోర్కుతో గుచ్చి, నిదానంగా నమిలి, "వెరీ గుడ్" అనేవాడు. నేను మారు వడ్డించేవాణ్ణి. మళ్ళీ "వెరీ గుడ్". నాలుగో రోజునే ఆ రెండు మంచాల మాటిచ్చాడు. నేను మా పిన్నికి స్వెట్టరు కొలతలు కూడా ఇచ్చేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మనిషి కనబడలేదు. వెతికితే నూకరాజు వాళ్ళ పెరట్లో పీట మీద ఉన్నాడు. ముందు సత్తుపళ్ళెం, అందులో అన్నం, ఎండు నెత్తళ్ళ చేపల పులుసు... కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, మోచేతి దాకా పులుసు. నూకరాజు వాళ్ళమ్మ పైడమ్మత్త గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఏటి నాయినా, మీ ఇంట్లో ఈ పిల్లడికి కూడెట్టడం లేదేటి? గోడ కాడ నిలబడి మా పొయ్యికేసి సూత్తన్నాడని పిలిసినాను. నాలుగు దినాల్నుంచి ఈడే తింతన్నాడు."

"అతనికి కారం పడదత్తా."

"పడదేటి... ఈ పూటకే ఇది మూడో మారు," అంది, గరిటె ముంచుతూ.

నూకరాజు నవ్వాడు. "బావా, దుంపలు ఆళ్ళింట్లో రోజూ ఉంటాయట. ఆటి కోసం ఇంత దూరం వత్తాడేటి?"

అప్పటికైనా నాకు అర్థం కావాలి. కానీ ఆ సాయంత్రం కూడా హెన్రిక్ మా ఇంట్లో దుంపలు తిని "వెరీ గుడ్" అన్నాడు. నేను నమ్మాను.

వాడు వెళ్ళాక క్లబ్బు కార్యదర్శి ఆ ఉత్తరం చదివి వినిపించాడు. మా ఇంటి గురించి "ఎంతో మర్యాదగా చూశారు" అని ఉంది. పక్కింటి గురించి "అన్నం పెట్టారు" అని ఉంది.

నూకరాజు వెళ్ళాడు. ఏడాది తర్వాత ఉన్నికోటుతో దిగాడు. ఇప్పటికీ ఏ సభకు పిలిచినా, మే నెల ఎండలో సైతం, ఆ కోటుతోనే వచ్చి "మా డెన్మార్క్‌లో..." అని మొదలుపెడతాడు. ఆ దేశం గురించి వాడికంటే నాకే ఎక్కువ తెలుసు. నన్నెవరూ అడగరు.

ఇప్పుడు సీతమ్మధారలో మా మనవరాలు ఫోను నొక్కి తిండి తెప్పించుకుంటుంది. నచ్చకపోతే అక్కడికక్కడే ఒక్క స్టారు ఇచ్చేస్తుంది... మా రోజుల్లో ఆ సదుపాయం లేదు, మొహమాటం ఉండేది. మీ ఇళ్ళల్లో మొహమాటానికి తిని మెచ్చుకుని వెళ్ళినవాళ్ళుంటే రాయండి, చదువుతాను.

నూకరాజుని ఎప్పుడో క్షమించాను. పైడమ్మత్తనీ, ఆ లైబ్రరీ పుస్తకాన్నీ కూడా. పూటపూటా ఆ దుంపలు నమిలి, ఒక్కసారైనా "ఉప్పు లేదు" అనని వాణ్ణి మాత్రం క్షమించలేదు... హెన్రిక్‌ని.