కొలవని ఆకులు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మేము వర్తూరులో ఉండేవాళ్లం. పక్కింటి అక్క పండ్లతోటల చదువు చదివేది. కాలేజీలో ఇవ్వాల్సిన పరిశోధన కోసం ఇంటి వెనక ప్లాస్టిక్ సంచుల్లో ఇరవై జామ మొక్కలు పెంచుతూ, ప్రతి శనివారం ఆకుల పొడవూ వెడల్పూ స్కేలుతో కొలిచేది. అంతకుముందే వేరే మొక్కల ఆకులు కొన్ని కోసి, గ్రాఫ్ కాగితం మీద పెట్టి, అంచు గీసి, లోపలి గళ్లు లెక్కపెట్టింది. ఆ లెక్కలోంచి ఒక అంకె తీసింది. పొడవును వెడల్పుతోనూ, ఆ అంకెతోనూ హెచ్చవేస్తే ఆకు వైశాల్యం దాదాపుగా తెలిసిపోతుందట. ఆకు కోయక్కర్లేదు కాబట్టి వచ్చే వారం మళ్లీ అదే ఆకును కొలవచ్చు. నాకదంతా గారడీలా ఉండేది. అక్క కొలుస్తుంటే నేను నోట్‌బుక్కులో రాసేదాన్ని. నా రాత గుండ్రంగా ఉందని మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని.

ఒకసారి అక్కకు అమ్మవారు పోసింది. గదిలోంచి బయటికి రాకూడదు కాబట్టి మూడు శనివారాలు కొలిచే పని నాకప్పగించింది. మొదటి రెండు వారాలు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిచాను. మూడో శనివారం సందులో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఆకులు ఎక్కడికి పోతాయిలే అనుకుని, మా ఇంటి మెట్టు మీదే కూర్చుని, పోయిన వారం అంకెలకు రెండేసి మూడేసి మిల్లీమీటర్లు కలిపి రాసేశాను. పది నిమిషాల్లో ఇరవై మొక్కలూ పెరిగిపోయాయి.

ముందురోజే మేక దూరి మూడు మొక్కల్ని మోడు చేసి పోయిందని నాకు తెలియదు. తలస్నానం చేసి బయటికొచ్చిన అక్క నోట్‌బుక్కు చూసి నన్ను పిలిచింది. స్కేలు చేతికిచ్చి ఆ మూడు మొక్కల ఆకులూ కొలవమంది. ఉత్త పుల్లల ముందు స్కేలు పట్టుకుని నిలబడ్డాను.

“కొలవకుంటే ఖాళీ విడిచిపెట్టింటే సాలు పాపా. ఇప్పుడు నువ్వు కొలిచినేవి ఏవో, కొలవనేవి ఏవో నాకెట్ల తెలుస్తాది?”

మొదటి రెండు వారాలవీ నిజమేనని ఏడుస్తూ చెప్పాను. అక్క నమ్మింది కూడా. అయినా నమ్మకం మీద లెక్క కట్టకూడదని, మూడు వారాల అంకెల మీదా ఎర్ర గీత కొట్టేసింది. కొత్త ఆకులు విచ్చుకునే వారాలే పోవడంతో మొక్కలు మళ్లీ మొదటినుంచి పెంచాల్సి వచ్చింది. తోటివాళ్లందరి చదువూ ముగిసింది, అక్క ఒక్కతే ఇంకో ఆరు నెలలు కాలేజీకి తిరిగింది. మా అమ్మకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి నాలుగు దెబ్బలు తినిపించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పైగా కొత్త మొక్కలకూ నన్నే పిలిచింది. ఒక శనివారం అక్క ఊళ్లో లేదు, నాకేమో జ్వరం. ఆ వారం గళ్లు ఖాళీగా వదిలి, భయపడుతూ చూపించాను. అక్క ఆ ఖాళీ గళ్ల పక్కన తేదీ వేసింది.

“ఇది సరిగ్గా ఉండాది” అంది.

ఇప్పుడు నేను ఆస్పత్రిలో పెద్ద నర్సును. కొత్తగా చేరిన నర్సు పిల్లలు కొందరు రోగిని ముట్టకుండానే పొద్దుటి జ్వరాన్ని చార్టులో సాయంత్రం గడిలో ఎక్కిస్తారు. నేను కేకలు వేయను. థర్మామీటరు చేతికిచ్చి మంచం దగ్గరికి పంపుతాను. తలవంచుకుని వెళ్లే ఆ పిల్లను చూస్తే నాకు అక్క ఆరు నెలలే గుర్తొస్తాయి. వాటిని నేను తిరిగివ్వలేకపోయాను.