తెగిన వైరుతో మూడు వారాలు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు తాండూరులో మా వాడకట్టులో ఒకరి ఇంట్లో, ఆపేసిన రేడియో దానంతటదే మాట్లాడుతోందని జనం గుంపులుగా పోయి చూశారు. మా నాయిన రేడియో మెకానిక్. ఆయన పోయి మూత విప్పి, అరిగిపోయిన స్విచ్చు తీసి అందరికీ చూపించి వచ్చాడు. వెంట సంచి పట్టుకుని నేనూ ఉన్నాను. అప్పటి నుంచి ఎవరు దయ్యం మాట ఎత్తినా "ఎక్కడో లూజ్ కనెక్షన్ ఉంటది" అని నవ్వేదాన్ని.

అందుకే ఈ సంగతి చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక పాడుపని ఒప్పుకోవాలి.

నా పేరు సుగుణ. వికారాబాదులో ఉంటాం. మా ఆయన బస్సు డ్రైవరు. నేను ఇంట్లోనే కీబోర్డులు, మిక్సర్లు బాగుచేస్తాను. చర్చిల వాళ్లు, భజన మండలి వాళ్లు, బషీరాబాద్ దాకా డీజే పిల్లలు తెచ్చి ఇస్తారు. ఎక్కువగా వచ్చేవి అరిగిన నాబులు, స్లైడర్లే. వాల్యూమ్ పెంచితే బరబరమంటుంది, లేదా ఒకచోటికి రాగానే సౌండ్ మాయమవుతుంది. విప్పి దుమ్ము దులపడం, లోపలి నల్లటి కార్బన్ పట్టీ అరిగిపోతే కొత్తది వేయడం, ఇదే నా పని. తాండూరు నుంచి వచ్చిన సామాను మూత తీయగానే గుర్తుపడతాను. లోపల అక్కడి ఫ్యాక్టరీల బండరాయి పాలిష్ పొడి తెల్లగా పేరుకుని ఉంటుంది.

ఈ విద్య నాయిన నేర్పిందే. ఆయనకు మేమిద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, కరుణ నాకంటే నాలుగేళ్లు చిన్నది. చర్చిలో ఉన్న పాత హార్మోనియం ముందు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చూసి, నాయిన తీర్పు చెప్పేశాడు. "పెద్దదాని చెయ్యి వైర్లతికే సోల్డరుకు మంచిగుంటది. చిన్నదాని చెయ్యి పాటకు మంచిగుంటది." అంతే. దానికి కీబోర్డు కొన్నాడు, నాకు వైర్లు పరీక్షించే మల్టీమీటరు కొన్నాడు. దాని పాఠాలు గోడ అవతల నుంచి విని నేనూ వాయించడం నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కరుణ తాండూరులో చర్చి పాటల బృందానికి పెద్ద. అమ్మ పోయిన తర్వాత నాయిన దాని దగ్గరే ఉంటున్నాడు. "మీ చెల్లె ఏం వాయిస్తదమ్మా" అని ఎవరన్నా అంటే నేను నవ్వుతాను. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. దాన్ని మెచ్చుకున్న ప్రతి మాటా నాకు రావలసింది ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉండేది.

చర్చిలో కోత పండుగ ఇంకా మూడు వారాలుందనగా కరుణ, నాయిన పొద్దున రైలుకు మా ఇంటికి వచ్చారు. దాని కీబోర్డు వాల్యూమ్ స్లైడరు పూర్తిగా అరిగిపోయింది. ఏళ్ల తరబడి దాని బొటనవేలు ఆనీ ఆనీ, పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఒకపక్క గుంట పడింది.

"నువ్వైతేనే చేస్తవక్కా. వేరేటోళ్లకు ఇయ్య బుద్ధి కాలే," అంది కరుణ. పొగడ్తే. కానీ నాకు పొగడ్తలా వినపడలేదు.

పని బాగానే చేశాను. ఆ స్లైడరు దొరకదు. నా దగ్గరున్నది కొలతకు సరిగ్గా కూర్చోలేదు. అందుకని దాని మూడు కాళ్ల నుంచి మూడు వైర్లు లాగి బోర్డుకు కట్టాను. కరుణ వెనక తలుపు నుంచి బజారుకు పోయింది. నాయిన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. చేసింది పరీక్షించాలి కదా అని ఒక పాత కీర్తన వాయించాను. ఎవరూ వినడం లేదనుకుని మనసు పెట్టి వాయించాను. చివరి చరణంలో సౌండ్ మెల్లమెల్లగా దించాను.

వరండాలోంచి నాయిన గొంతు వినపడింది. "కరుణా, మల్ల ఒక్కసారి వాయించు బిడ్డా. పానం లేచొచ్చినట్టున్నది."

ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు. కీబోర్డు ముందు నేనున్నాను.

"నువ్వా?" అన్నాడు.

తిరిగి పోయి పేపరు తీసుకున్నాడు.

అంతే జరిగింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ ఒక్క మాటకు నా ఒళ్లంతా మండింది. లేచి తలుపు దగ్గరేశాను. తర్వాత మళ్లీ మూత విప్పాను. స్లైడరు మధ్య కాలుకు కట్టిన వైరు, అంటే సౌండ్ బయటికి పోయే దారి, బ్లేడుతో కోశాను. పూర్తిగా కాదు. లోపలి రాగి పోగుల్లో ఒక్కటి మాత్రం ఉంచాను. వైరును బాగా బిగుతుగా లాగి కట్టాను. కరుణ తీసుకుపోయేటప్పుడు మోగాలి. తర్వాత కుదుపులకు ఆ పోగు తెగాలి. పండుగ రోజు అందరి ముందు, నాయిన ముందు, అది మూగదైపోవాలి. నేను కోరుకున్నది ఇదే.

కరుణ వచ్చి వాయించి చూసి మురిసిపోయింది. సాయంత్రం రైలుకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ రైలు ధారూర్ దాటేలోపే పోగు తెగుతుందేమోనని నాకు భయం వేసింది. తెగకపోతే ఎట్లా అని కూడా అనిపించింది.

మూడు వారాలు ఫోను కోసం ఎదురుచూశాను. రాలేదు. ఉండబట్టలేక రెండుసార్లు నేనే చేశాను.

"సౌండ్ వస్తుందానే?"

"మస్తుగ వస్తుందక్కా. రోజు ప్రాక్టీసు చేస్తున్నం. గింత మంచిగ ఎన్నడు లేకుండె."

పండుగ ఆదివారం నేను తాండూరు పోయాను. జనం కంది మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చి ముందర పెడుతున్నారు. లోపల నాయిన ముందు బెంచీలో ఉన్నాడు. నేను పక్కగా, కరుణ చేతులు కనపడే చోట కూర్చున్నాను. ప్రతి పాటకూ ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాను. ఆగలేదు. చివరి పాటలో కరుణ ఎడమ బొటనవేలు స్లైడరు మీదికి పోయింది. నేను మా ఇంట్లో దించినట్టే సౌండును కొంచెం కొంచెంగా దించింది. నాయిన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు కన్నీళ్లు రాలేదు. దవడలు నొప్పి పుట్టాయి.

ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకు లేచారు. కీబోర్డు ఆన్‌లోనే ఉంది. నేను పోయి ఒక మెట్టు నొక్కాను. సౌండ్ లేదు. స్లైడరు పైకీ కిందికీ జరిపాను. లేదు. కీబోర్డు మీది దీపాలు వెలుగుతున్నాయి, వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడే పోగు తెగిందని అనుకున్నాను. ఒక్క అరగంట ముందు తెగితే ఏం పోయిందని నా ఖర్మను తిట్టుకున్నాను.

పాస్టరుగారి భార్య వచ్చి తనూ నొక్కి చూసింది. రాలేదు. ఆమె నవ్వి, "ఏందక్కా, రిపేరు చేసేటిదానివి, నీకే వస్తలేదా?" అంది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లూ నవ్వారు.

కరుణ చెయ్యి కడుక్కుని వచ్చింది. "ఏమైందక్కా?" అంటూ నిలబడే వాయించింది. మోగింది.

నేను చూస్తూనే ఉన్నాను. అది వేరే ఏ మీటా నొక్కలేదు. ఏ వైరూ కదపలేదు. వెంటనే నేను నొక్కాను, లేదు. అది నొక్కింది, వచ్చింది. పాస్టరుగారి భార్య దీన్ని తమాషా అనుకుంది. నేను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రం నాలుగు గంటల వేళ కరుణ ఇంట్లో కీబోర్డు బల్ల మీద పెట్టాం. "దుమ్ము పట్టిందేమో చూస్త. ముందుగాల ఒకసారి వాయించు," అన్నాను. కరుణ నాలుగు ముక్కలు వాయించింది. స్లైడరు పెంచింది, దించింది. అంతా సరిగ్గా ఉంది. తర్వాత అది చర్చి గిన్నెలు తిరిగి ఇవ్వడానికి పోయింది. ఆ బల్ల మీదనే కీబోర్డు తిరగేసి స్క్రూలు విప్పాను. నాయిన అలవాటు కొద్దీ పక్కకు వచ్చి కూర్చున్నాడు.

మూత తీశాను.

వైరు తెగి ఉంది. బిగుతుగా కట్టాను కాబట్టి తెగగానే వెనక్కి లాక్కున్నట్టుంది, రెండు కొసల మధ్య వేలెడు ఖాళీ. పట్టకారుతో లాగి చూశాను, అందలేదు. మల్టీమీటరు పెట్టాను, దారి కలిసి ఉంటే కూయాలి, కూయలేదు. బోర్డు మీద వేరే ఏ దారిలోనన్నా సౌండ్ పోతోందా అని ప్రతి రాగి గీతా వెతికాను. ఏమీ లేదు.

నాయిన కళ్లద్దాలు సర్దుకుని ఆ కొసను వెలుతురుకు పట్టి చూశాడు. "గిది ఇయ్యాల తెగింది కాదు. రాగి నల్లగయింది. కొస మీద బండరాయి పొడి గూడ పట్టింది. తెగి శాన రోజులైంది." మళ్లీ చూశాడు. "గిది వాయిస్తుంటే ఇప్పుడే విన్న గద నేను?"

ఆయన ఆ కొసను వేళ్ల మధ్య తిప్పాడు. పోగులన్నీ ఒకే వరుసలో సాఫుగా తెగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. యాభై ఏళ్లు వైర్లు చూసిన మనిషి. ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"గీ కోత బ్లేడుది," అన్నాడు మెల్లగా.

"అవును నాయినా. నేనే కోసిన."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. బయట ఎవరో కంది మూట ఆటోలోకి ఎత్తుతున్న చప్పుడు వినపడుతోంది. చివరికి అన్నాడు, "ఆ దినం 'నువ్వా' అన్న. గదేనా బిడ్డా?"

ఆ మాట ఆయనకు గుర్తుంటుందని నేను అనుకోలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. తల మాత్రం ఊపాను.

"అన్నంక నాకే మంచిగ అనిపియ్యలే. మల్ల వచ్చి అడుగుదామనుకున్న, నువ్వు తలుపు దగ్గరేసినవు." మూత విప్పడానికే ఆ రోజు తలుపు వేసుకున్నాను. ఆయన కీబోర్డు నా వైపు జరిపాడు. "జోడియ్యి. దానికి చెప్పకు."

పాత వైరు తీసేసి కొత్తది వేశాను. ఆయన ఫోను టార్చి పట్టుకున్నాడు. అతికాక నేను నొక్కాను. మోగింది. నాయిన నొక్కాడు. మోగింది. అందరికీ మోగే కీబోర్డులాగే మోగింది.

వికారాబాదు వచ్చాక ఒక పాడైపోయిన కీబోర్డులో అదే వైరు అట్లాగే కోసి చూశాను. సౌండ్ లేదు. తడికి సౌండ్ దాటుతుందేమోనని తడి బట్ట దగ్గర పెట్టి చూశాను, ఖాళీ తగ్గించి చూశాను. మహా అయితే సన్నటి గుయ్యిమనే మోత. పాట లేదు, స్లైడరు మాట వినడం అసలే లేదు. నాయినను ఫోనులో అడిగితే, "నాకు తెలిసిన లెక్కల గది లేదు బిడ్డా," అన్నాడు. దేవుని మహిమ అని కూడా ఆయన అనలేదు.

ప్రార్థన వల్లనే అని కొందరు అనవచ్చు. మరి ఆ దేవుడు నా చేతికి ఎందుకు ఇవ్వలేదని నేను అడుగుతాను. ఇంత జరిగినా నా బుద్ధి మొదట అక్కడికే పోతుంది. అది కూడా ఒప్పుకుంటున్నాను.

నెల తిరిగాక కరుణ ఫోను చేసింది. అవీ ఇవీ మాట్లాడి, తటపటాయిస్తూ అంది. "అక్కా, ఏం అనుకోకు. పండుగ దినం నువ్వు మల్ల విప్పినవ్ గద, అప్పటి సంది స్లైడరు ముందటి లెక్క లేదు."

"సౌండ్ వస్తలేదా?"

"వస్తుంది. మంచిగనే వస్తుంది. గని అంతకుముందు నేను వేలు పెట్టకముందే, మనసుల అనుకున్నంతనే తగ్గుతుండె. ఇప్పుడు నేనే జరపవలసొస్తుంది."

స్లైడరు ఎవరిదైనా జరిపితేనే కదా తగ్గేది, అని దానికి చెప్పాను. నా అతుకులో ఏ లోపమూ లేదు. ఆ మూడు వారాలు నా చెల్లెలి చేతి కింద ఆ కీబోర్డు ఎట్లా మోగిందో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.