ఊదితే తిరగాలి

ఎర్రబోరు ఊళ్ళో మెకానిక్, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో ఏదైనా సరే, ముందు నోటితో ఊదేవాడు. రెక్కలు తిరిగితేనే బిగించేవాడు.

సంతకు జనం లోడుతో వెళ్తే నా జీపు ఎత్తు ఎక్కేది కాదు. జనం వేరే జీపులు చూసుకుంటున్నారని, బలం పెంచడానికి లారీ టర్బో కొని తెచ్చాను. అతను ఊదాడు. కదల్లేదు.

“ఏంది మామా, గీ దోమకు ఏనుగు తొండం పెడ్తవా?”

జీపులో కూర్చున్న ప్యాసింజర్లంతా నవ్వారు.

పంతంకొద్దీ దాన్నే వేరేచోట బిగించుకున్నాను. భేజ్జి దారి ఎత్తులో జీపు ఊపిరాడక ఆగింది. జనం దిగి నడిచి వెళ్ళిపోయాక, కబురందుకుని అతనే వచ్చాడు. తువ్వాలలో నా పాతదానికంటే కాస్త పెద్ద టర్బో. ఊదాడు. గిర్రున తిరిగింది. బిగించాక జీపు ఎత్తు ఎక్కేసింది.

నలుగురిలో పరువు తీసి, ఎవరూ లేనిచోట బాగుచేశాడు. నవ్వినవాళ్ళలో ఒక్కరూ అది చూడలేదు. అందుకే ఇప్పటికీ అతనికి నమస్తే చెప్పను. ఇంకొకరిని మాత్రం నా జీపు ముట్టనివ్వను.