అత్తగారు ఏడవలేదు

పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఆవిడను వీధిలో అందరూ డాబాగారు అంటారు. అసలు పేరు వారానికొక్కసారి, అదీ అచ్చులో, కనబడేది. పదకొండేళ్ళుగా ఊరి పత్రిక ఆదివారం సంచికలో, ఆరో పేజీ అడుగున, 'మా డాబా మీద' అని అర కాలమ్ రాస్తూ వచ్చింది ఆవిడ. అందులో ఘనమైన సంగతులేవీ ఉండేవి కావు. మామిడిపళ్ళ రోజుల్లో టెంక ఎవరిదన్న తగవు, కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నం విసనకర్ర ఊపడానికి వేసుకున్న వంతులు, కూతురు హాస్టలుకు వెళ్తూ తన దిండు మరిచిపోతే దాని మీద ఎవరూ పడుకోకపోవడం, ఇలాంటివే.

గడియారాలు బాగుచేసే మొగుడు ఆ శీర్షికను "మా డబ్బా" అని ఎక్కిరించేవాడు. "ఈ వారం ఏం డబ్బా కొట్టావ్?" అని అడిగేవాడు గానీ, కొట్టుకొచ్చిన వాళ్ళకు ఆరో పేజీ మడతపెట్టి మరీ చూపించేవాడు.

అత్తగారి తీరు వేరు. ఆవిడకు డెబ్బై నాలుగు దాటాయి. ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పెద్ద నర్సుగా పనిచేసింది. నొప్పులు పడుతూ కేకలు పెట్టే ఆడవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేదట: "ఏడ్చే ఓపిక ఉంటే ఊపిరి పీల్చు." మొగుడు పోయిన రోజున కూడా ఆవిడ కంట నీరు చూసినవాళ్ళు లేరు. కోడలి రాతల మీద ఆవిడకు పదకొండేళ్ళుగా ఒకటే ఫిర్యాదు. "నన్ను అడ్డం పెట్టుకుని రచయిత్రివైపోయావు" అనేది. ఆదివారం పేపరు పడగానే మాత్రం ఆరో పేజీ అందరికంటే ముందు ఆవిడ చేతిలోనే ఉండేది, భూతద్దంతో సహా.

ఆ ఏడు మొదటి వాన ఒక బుధవారం మధ్యాహ్నం పడింది. డాబా మీద ఇంటెడు బట్టలు ఆరేసి ఉన్నాయి. అత్తాకోడళ్ళిద్దరూ మెట్ల దగ్గరే తగవు పెట్టుకున్నారు.

"మబ్బు పట్టినప్పుడే చెప్పాను కదత్తయ్యా!"

"చెప్పిన నోటితోనే ఉండిపోయావేం? కాళ్ళు లేవూ, వెళ్ళి తేవడానికి?"

ఈ తగవు తేలేలోగా బట్టలూ తడిశాయి, పైకి పరిగెత్తిన వీళ్ళిద్దరూ తడిశారు. అత్తగారు ఒక్క క్షణం చుట్టూ చూసి, బట్టల టబ్బు బోర్లించి దాని మీద కూలబడింది. "తడవాల్సిందంతా తడిశాం. ఇంకెక్కడికి పరుగు? కూర్చో" అంది. కోడలు వచ్చి ఎదురుగా గచ్చు మీద చతికిలబడబోతే, "జరుగు, అటువైపు జల్లు నా మీద పడకుండా అడ్డమొస్తున్నావు" అని కసిరింది. కోడలు పక్కకు జరిగింది. అరగంట అలాగే కూర్చున్నారు.

దాన్నే రాసిందావిడ ఆ వారం. 'తప్పు నాదని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. వాన మాత్రం చాలా బాగుంది' అని ముగించి పంపింది.

ఆదివారం పొద్దున్న కోడలు పొయ్యి దగ్గర ఉండగా అత్తగారు పేపరు పట్టుకుని వచ్చింది. నడక చూస్తేనే ఏదో ముంచుకొచ్చిందని తెలిసిపోయింది.

"ఎవరే ఏడ్చింది?"

"ఏంటత్తయ్యా?"

"నేను ఎప్పుడేడ్చానే? నీ తల ఎప్పుడు నిమిరాను?"

కోడలు చెయ్యి తుడుచుకుని పేపరందుకుంది. పైన పేరు మారిపోయింది. 'అత్త కాదు, అమ్మ' అని ఉంది. మెట్ల దగ్గరి గొడవ లేదు. బోర్లించిన టబ్బు లేదు. వానలో అత్తగారి కళ్ళు చెమర్చాయట. కోడలి తల నిమిరి, 'నువ్వు కోడలివి కాదు తల్లీ, నా కడుపున పుట్టినదానివి' అందట. కోడలు ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చిందట. కింద నల్లటి అక్షరాల్లో ఈవిడ పేరు.

ఒంటి మీద వేరేవాళ్ళ బట్టలు తొడిగి బజార్లో నిలబెట్టినట్టు అనిపించిందావిడకు. లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. "నేను రాసింది ఇదీ. మీరే చూడండి."

అత్తగారు భూతద్దం పట్టుకుని రెండూ వరుసవరుసకీ పోల్చి చూసింది. టబ్బు దగ్గర ఒకసారి తలూపింది. తర్వాత లేచి నిలబడింది.

"పోనీలెద్దూ అమ్మా" అన్నాడు కొడుకు, "మంచిగానే రాశారుగా. చెడ్డగా రాస్తే కోప్పడాలి గానీ."

"నీ కొట్లో ఎవడో దూరి, నడుస్తున్న గడియారం ముళ్ళు పీకేసి, బంగారు ముళ్ళు పెట్టి పోయాడనుకో. టైము మాత్రం తప్పు చూపిస్తోంది. మంచిగానే ఉందిలే అని ఊరుకుంటావా?"

కొడుకు కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పోయాడు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ పత్రికాఫీసు మెట్లెక్కారు. ఎడిటరు కొత్తవాడు, వచ్చి మూడు నెలలైంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, అత్తగారిని చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"ఆ అమ్మ మీరేనా! నిన్నంతా ఫోన్లేనమ్మా. చదివి ఏడ్చామని పదిహేనుమంది చెప్పారు."

"వాళ్ళిష్టం బాబూ, ఏడవనీ. నేను ఏడవలేదు. ఆ సంగతి వచ్చే ఆదివారం వెయ్యి."

"ఏమని వెయ్యాలి?"

"అత్తగారు ఏడవలేదు అని. రెండు మాటలు. చోటు కూడా ఎక్కువ పట్టదు."

ఎడిటరు పకపకా నవ్వాడు. మంత్రి పేరు తప్పు పడితే సవరణ వేస్తాం గానీ, వానలో ఎవరు ఏడ్చారో ఎవరు ఏడవలేదో వేస్తే జనం నవ్వుతారమ్మా అన్నాడు. తర్వాత కోడలివైపు తిరిగాడు.

"మేడమ్, ఉన్నమాట చెప్తాను. ఇద్దరాడవాళ్ళు డాబా మీద ఊరికే తడుస్తూ కూర్చున్నారు. అందులో ఏం జరిగిందని? చివర్లో కాస్త కన్నీళ్ళు, ఒక నీతి ఉంటేనే జనానికి పడుతుంది. ఇకనుంచి అలా రాయండి. మీరు రాయకపోతే మేం చూసుకుంటాం."

ఆ అర కాలమ్ పోతుందేమోనన్న భయం కోడలి గుండెల్లో గూడుకట్టుకుని ఉంది. రోజంతా పరాయివాళ్ళ పంటినొప్పులకు నంబర్లు వేసే మనిషికి తనదంటూ ఉన్న చోటు ఆ కాస్తే. కానీ 'ఏం జరిగిందని' అన్న మాట ఎక్కడో తగిలింది.

"నేను కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళండీ. గొడవ మధ్యలో ఈవిడ నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. మీరు కొట్టేసింది దాన్ని. సవరణ వెయ్యండి. లేదంటే నా పేరు తీసెయ్యండి."

"తీసేస్తే నష్టం మీకే మేడమ్."

"నాదేగా. మీకెందుకండీ బెంగ?"

మెట్లు దిగేటప్పుడు ఆవిడ రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది.

"కాళ్ళు వణుకుతున్నాయా?" అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"ఊపిరి పీల్చు."

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఒక తెల్లకాగితం మీద, తను మొదట రాసిన వాన కథను అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసింది. పైన 'అత్తగారు ఏడవలేదు' అని పెద్దక్షరాలతో పెట్టింది. సందు చివర జెరాక్స్ కొట్టుకు తీసుకెళ్ళి నలభై కాపీలు తీయమంది. కొట్టావిడ మొదటి కాపీ బయటికి రాగానే చదవడం మొదలెట్టి, మిషను ఆపేసింది.

"జల్లు పడకుండా అడ్డమొస్తున్నావు అందా, నిజంగా?"

"అంది."

"మా అత్త కూడా అంటుందండీ బాబూ, ఇంతకింత అంటుంది" అని మళ్ళీ మిషను తిప్పింది. తనకోసం ఒకటి ఎక్కువే తీసి పక్కన పెట్టుకుంది.

మర్నాడు ఆ కాగితాలు పళ్ళాసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాయి. బుగ్గ వాచి, చెంప పట్టుకుని వచ్చిన పెద్దాయన ఒకాయన చదువుతూ నవ్వబోయి, నొప్పికి అబ్బా అన్నాడు. డాక్టరు తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"ఏంటివి? ఇక్కడికి నోరు తెరవడానికి వస్తారండీ, నవ్వడానికి కాదు."

"నవ్వాలన్నా నోరే కదండీ తెరవాలి" అంది ఆవిడ.

డాక్టరు ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

పత్రికలో సవరణ రాలేదు. ఆరో పేజీ అడుగున 'సుఖ సంసారానికి పది సూత్రాలు' మొదలైంది. వారం వారం ఒక కాగితం రాసి జెరాక్స్ తీయిస్తూ ఆవిడ ధైర్యంగానే తిరిగింది గానీ, మూడో ఆదివారం పేపరు తెరిచినప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ ఆరో పేజీకి పోయింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా పైకొచ్చింది. స్నానాలగదిలోకి పోయి, పంపు విప్పి, కరువుతీరా ఏడ్చింది. మొహం కడుక్కుని వస్తే గుమ్మంలో అత్తగారు.

"ఏడ్చావా?"

"లేదత్తయ్యా."

"నా దగ్గరా? వేలమంది మొహాలు చూసినదాన్ని." ఆవిడ తువ్వాలు అందించింది. "రాసుకోవే. ఇదైతే నిజమే కదా."

ఆ వారం కాగితంలో ఆవిడ అదే రాసింది, పంపు చప్పుడుతో సహా. ఆ వారం కాపీలు నలభై చాలలేదు.

చలి మొదలయ్యాక ఒక రోజు ఎడిటరు ఫోన్ చేశాడు. పాఠకులు అడుగుతున్నారు, మళ్ళీ రాయండి మేడమ్, ఎక్కువేం మార్చం, ముగింపులో కాస్త తీపి తగిలిస్తాం అంతే అన్నాడు. ఆవిడ అప్పుడు డాబా మీద ఉంది. పక్కన అత్తగారు కమలాపండు ఒలుస్తోంది, తొక్కలన్నీ కోడలి వైపు విసురుతూ.

"తీపి మా ఇంట్లో పడదండీ" అంది ఆవిడ. "ఒకరికి షుగరు, ఇంకొకరికి పట్టుదల."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. పెద్ద పత్రిక, వేలమంది చదువుతారు. తన కాగితం వందమంది చదివితే గొప్ప. ఆ లెక్క తెలియనిదేం కాదు. అయినా మళ్ళీ ఫోన్ చెయ్యాలనిపించలేదు.

"ఏమంటాడు?" అంది అత్తగారు.

"నన్ను మంచిదాన్ని చేస్తాడట, మీతో కలిపి."

"ముందు ఆ తొక్కలు ఎత్తు" అంది అత్తగారు.

"వేసినవాళ్ళే ఎత్తాలి" అంది కోడలు, పెన్ను తీసుకుంటూ.