కోదండరామయ్యగారి పిక్క

కోదండరామయ్యగారు ఎవరినీ ఊరికే నమ్మరు. భవానీపురంలో టీ గ్లాసు చేతికిస్తే ముందు వెలుతురుకెత్తి చూస్తారు. మాత్రలు కొంటే వాటి మీది తేదీని ముగ్గురిచేత చదివిస్తారు. ఆ ఉదయం పిక్క బిగుసుకుపోయి, కుంటుతూ వెళ్ళి డాక్టరు వినీల ముందు కూర్చున్నారు. "స్పాజమ్ తాతగారూ, కండరం పట్టేసింది," అంది ఆమె. "ఏలూరు కాలవకి ఎదురీదిన కాళ్ళమ్మా ఇవి. నీటిసంఘానికి మూడుసార్లు ప్రెసిడెంటుని. ఇంగ్లీషు ముక్క చెప్పి పంపేద్దామనుకోకు. మేం దీన్ని ఈడ్పంటాం, ఈడుస్తుంది కనక. నీ మాటెక్కడ పుట్టింది?" ఆమె ఫోనులో వెతికింది. "గ్రీకులోనండి. దానికీ లాగడమనే అర్థం."

"నేనన్నదే నాకు అప్పజెబుతున్నావు," అంటూ ఆయన కళ్ళు చికిలించారు. తర్వాత గొంతు తగ్గించారు. "మా తమ్ముడు ఏడేళ్ళప్పుడు ఈడ్పులొచ్చే పోయాడు." "అది ఫిట్సండీ, వేరు. ఇది పిక్క వరకే. బీపీ చూస్తాను, ఆ గుప్పిలి తెరవండి." తెరిచారు. ఈడ్పులొస్తే చేతిలో ఇనుము పెట్టాలని చిన్నప్పుడు విన్నమాట. అరచేతిలో ఇంటి తాళాలగుత్తి, దాని కింద ఎర్రగా అచ్చు. "ఇక వాటితో పన్లేదండీ," అంది ఆమె, నవ్వకుండా. ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, తాళాల్ని ఎడంచేతిలోకి మార్చుకుని, బీపీకి కుడిచెయ్యి చాపారు.